చేపపిల్లలకి పెద్దదిక్కు

తణుకులో గవర్రాజు, చిట్టబ్బులు అని ఇద్దరు అన్నదమ్ములు. ఊరందరి బుర్రలూ కలిపినా తమ బుర్రల్లో సగం కావని వాళ్ళ నమ్మకం. ఇద్దరికీ అన్నం పెట్టేది మేనత్త మంగతాయారు.

ఆవిడకి పిల్లల్లేరు. గాజుతొట్టిలో పన్నెండు బుల్లి చేపలే ఆవిడ ప్రాణం. ఓసారి అన్నవరం వెళ్తూ, "పసివాళ్ళురా, పెద్దదిక్కు లేనివాళ్ళు. ఒక్కటి తగ్గినా మీ ఇద్దర్నీ ఇంట్లోంచి గెంటేస్తాను" అంది.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, "పెద్దదిక్కు లేదందిగా! తెచ్చేద్దాం" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, చేపల కొట్టుకి పరిగెత్తి, అన్నిట్లోకీ పెద్దది కావాలన్నారు. కొట్టువాడు జానెడు ఆఫ్రికా చేపని చూపించి, "మహా టక్కరిదండీ. చచ్చినట్టు పడుకుంటుంది. చిన్నవాటితో వేశారో, తొట్టి ఖాళీ చేసేస్తుంది" అన్నాడు.

"తొట్టి ఇరుగ్గా ఉందని అత్త కూడా అంటూనే ఉంది" అన్నాడు చిట్టబ్బులు సంబరంగా.

అలా పెద్దాయన తొట్టిలోకి వచ్చాడు. వస్తూనే అడుక్కి పోయి ఓ పక్కకి ఒరిగిపోయాడు. కదల్లేదు, మెదల్లేదు.

"వచ్చిన పూటే పోయాడ్రా!" అని గవర్రాజు భోరుమన్నాడు.

చిన్న చేపలు చుట్టూ చేరాయి. "పరామర్శకి వచ్చాయి అన్నయ్యా, ఎంత మర్యాదో!" అని చిట్టబ్బులు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని చూస్తే ఎనిమిదే ఉన్నాయి. పెద్దాయన లేచి తిరుగుతున్నాడు.

"బతికాడని చుట్టాలకి కబురు చెప్పడానికి వెళ్ళుంటాయి" అన్నాడు గవర్రాజు.

పెద్దాయన మళ్ళీ పోయాడు. మళ్ళీ పరామర్శ. మళ్ళీ లేచాడు. నాలుగు మిగిలాయి. అప్పుడు వెలిగింది గవర్రాజుకి. "ఒరే, పరామర్శకి వెళ్ళింది తిరిగి రావట్లేదు! అత్త గెంటేస్తే మనకి అన్నమెవరు పెడతార్రా?"

అంతే. 'పరామర్శకి ఎవరూ రాకూడదు' అని అట్టముక్క మీద రాసి, చేపలకి కనపడేలా అక్షరాలు లోపలివైపు తిప్పి అంటించారు. సాయంత్రానికి ఆ నాలుగూ లేవు.

"చదువు చెప్పించకుండా గారాబం చేసింది అత్త" అని విసుక్కున్నాడు చిట్టబ్బులు.

మర్నాడు మంగతాయారు వచ్చింది. "నా పిల్లలేర్రా?"

"తొట్టి దాటలేదత్తా. అందరూ పెద్దాయన కడుపులో చల్లగా ఉన్నారు" అన్నాడు గవర్రాజు.

నాకైతే ఆవిడ మీద జాలేస్తుంది. కళ్ళు తిరిగి నేలమీద ఓ పక్కకి ఒరిగిపోయింది. పక్కింటి సూరమ్మ గారు నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. అన్నదమ్ములు చేతులు అడ్డం పెట్టారు.

"దగ్గరికెళ్ళకండి పిన్నిగారూ! మా అత్త కూడా మొదలెట్టింది!"

అంతలో మంగతాయారు మూలుగుతూ నోరు తెరిచింది. ఇంకేముంది, సూరమ్మ గారిని చెంబుతో సహా ఎత్తుకుని ఇద్దరూ వీధిన పడి పరిగెత్తారు. ఉండ్రాజవరంలో గానీ దింపలేదు.

"మింగకుండా కాపాడాం పిన్నిగారూ" అన్నాడు గవర్రాజు రొప్పుతూ. "ఇవాళ్టినించి మాకు అన్నం మీరే పెట్టాలి."