గూడు పీకిన గిజిగాడు

తుమ్మలవాగు అడవిలో, వాగుకు రెండు పక్కలా తుమ్మచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉండేవి. ఆ కొమ్మల చివర గిజిగాళ్ళ గూళ్ళు వేలాడేవి. కింద జమ్ములో నీటికోళ్ళు, గట్టు మీద ఉడుతలు, గోరింకలు, కాస్త లోపల గడ్డిలో అడవిదున్నలు ఉండేవి. ఎవరి బతుకు వాళ్ళది.

గిజిగాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. మగపక్షి పచ్చి ఈతాకును పోగులుగా చీల్చి గూడు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి ఆ పోగులను ముక్కుతో లాగి చూస్తుంది. గట్టిగా ఉంటేనే కాపురానికి ఒప్పుకుంటుంది. తర్వాత ఇద్దరికీ పొసగకపోతే విడిపోవచ్చు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ పిల్లలకు రెక్కలు వచ్చేదాకా మేత మాత్రం ఇద్దరూ తేవాలి.

ఆ గిజిగాళ్ళలో బంగారయ్య అని ఒకడుండేవాడు. అతని తల పసుపు ముద్దలా మెరిసేది. అతని అల్లికను వాగంతా మెచ్చుకునేది. మెచ్చుకోలు విని విని అతనికి ఎదుటివాళ్ళ మాట వినడం తగ్గిపోయింది.

ముత్యాలు అనే ఆడపక్షి అతని గూడు లాగి చూసి ఒప్పుకుంది. ముగ్గురు పిల్లలు పుట్టారు. వాళ్ళకు ఇంకా ఈకలు కూడా రాలేదు, బంగారయ్య "ఈ గోల నేను భరించలేను" అని వాగు అవతలికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక కొమ్మకు కొత్త గూడు మొదలుపెట్టాడు.

ముత్యాలు అవతలి గట్టుకు వెళ్ళింది.

"ఉండలేనన్నవాణ్ణి ఉండమని బతిమాలను. పిల్లల మేత మాత్రం తెచ్చిపెట్టు" అంది.

"పిల్లలు నీ దగ్గరున్నారు. నువ్వే తెచ్చుకో" అన్నాడు బంగారయ్య, తల కూడా తిప్పకుండా.

ఆ రోజు గూట్లో చిన్నపిల్ల అడిగింది. "అమ్మా, మేం ఎక్కువగా అరుస్తున్నామనేనా నాన్న వెళ్ళిపోయాడు?"

ముత్యాలు దాన్ని రెక్క కింద పొదువుకుంది. "కాదమ్మా. పిల్లలన్నాక అరవాలి. మీరు అరవకపోతే ఆకలేస్తోందని నాకెలా తెలుస్తుంది? నాన్న వెళ్ళడంలో మీ తప్పు ఏమీ లేదు" అంది.

చిన్నపిల్ల నమ్మిందో లేదో. ఆ సాయంత్రం మాత్రం నోరు తెరిచింది కానీ అరవలేదు.

ముత్యాలు పెద్దదున్న దగ్గర ఫిర్యాదు చేసింది. అడవిదున్నలన్నిటికీ పెద్ద అతను, ఆ అడవిలో తగవులు తీర్చేవాడు. మద్దిచెట్టు కింద పడుకుని వాదనలు వినేవాడు. విన్న ప్రతి మాటనూ తిన్న గడ్డితో పాటు నెమరు వేస్తేనే గాని తీర్పు చెప్పేవాడు కాదు. తొందరపడని న్యాయమని అందరూ గౌరవించేవాళ్ళు.

బంగారయ్య తరఫున గోరింక వచ్చింది. వాదించడమే దాని పని.

"దొరా! ఆ గూడు అల్లింది ఎవరు? మావాడు. ప్రతి పోగూ మావాడిదే. గూడు మావాడిదైతే గూట్లో ఉన్నవన్నీ మావాడివే. కాబట్టి పిల్లలను మావాడికే ఇప్పించండి. పిల్లలు ఇటు వస్తే ఇక ఈమెకు మేత తెచ్చివ్వాల్సిన పనే ఉండదు కదా!"

కథ వింటున్న పిల్లలూ, ఆ చివరి మాట విన్నారా? బంగారయ్యకు కావలసింది పిల్లలు కాదు. మేత తేకుండా తప్పించుకోవడం. ఇది వింటే మీకు కోపం రావాలి. వస్తే మంచిదే.

ముత్యాలు అంది, "గూడు అతనే అల్లాడు దొరా, నేను కాదనను. కానీ గుడ్ల మీద కూర్చున్నది గూడు కాదు, నేను."

పెద్దదున్న కళ్ళు సగం మూసి దవడ ఆడించాడు. "ఇద్దరి మాటలూ నమలాలి. రేపు రండి" అన్నాడు.

మర్నాడు వెళితే "ఇంకా సగమే నమిలాను" అన్నాడు. ఆ మరుసటి రోజు గోరింక లేచి, "మావాడు కొత్త గూటి పనిలో ఉన్నాడు, వాయిదా ఇప్పించండి" అంది. పెద్దదున్న ఇచ్చాడు. మళ్ళీ వెళితే మళ్ళీ ఇచ్చాడు.

మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ముత్యాలుకు సగం పూట పోయేది. ఆ సగం పూట పిల్లలు పస్తుండేవాళ్ళు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

అంతకన్నా ఘోరం ఇంకోటి జరుగుతోంది. ముత్యాలు లేనప్పుడు బంగారయ్య పాత గూటి దగ్గరికి వచ్చేవాడు. గూడు కొమ్మకు వేలాడే మెడ దగ్గర పోగులు ఊడబీకి, కొత్త గూటికి పట్టుకుపోయేవాడు. దూరం వెళ్ళి పచ్చి ఈతాకు చీల్చే ఓపిక లేక ఈ పని చేసేవాడు.

కింద జమ్ములో కాపురముండే నూకాలు అనే నీటికోడి ఇది చూసింది.

"ఏమయ్యా బంగారయ్యా! అడవిలో ఈతచెట్లన్నీ ఎండిపోయాయా? పిల్లలు లోపలుండగానే గూడు పీకుతున్నావే!" అని అరిచింది.

"నా పోగులు, నా ఇష్టం. ఎవరి సొమ్మైనా ఎత్తుకుపోతున్నానా? నువ్వు నీ బురద చూసుకో!"

నూకాలు బురద వదిలి గట్టెక్కింది. నీటికోళ్ళు అంత దూరం నడవవు. అయినా తిన్నగా మద్దిచెట్టు కిందికి వెళ్ళి, వాదనల మధ్యలో నిలబడింది.

"దొరా, మీరు నమలండి. ఎన్నాళ్ళైనా నమలండి. మీ నోట్లో ఏదో ఒకటి ఉంది కాబట్టి మీకు తొందర లేదు. ఆ పిల్లల నోట్లో ఏముంది?"

గోరింక ఎగిరిపడింది. "ఇదేం పద్ధతి? ఈవిడను ఎవరు మాట్లాడమన్నారు?"

"నువ్వు ఊరుకో అమ్మా. నీకు పిల్లలుంటే ఇంటికెళ్ళి వాళ్ళ మొహం చూసుకో" అంది నూకాలు. తర్వాత పెద్దదున్న వైపు తిరిగింది. "ఈ పిల్లలు ఎవరి దగ్గరుండాలో మీరు నిదానంగా తేల్చండి. అది తేలేదాకా మేత తెమ్మని ఆ తండ్రికి చెప్పడానికి ఎంతసేపు నమలాలి? ఇక్కడ మీరు వాయిదా వేస్తున్నారు, అక్కడ అతను గూడు పీకుతున్నాడు!"

పెద్దదున్న దవడ ఆగిపోయింది. ఆ దవడ ఆగడం అడవి ఎన్నడూ చూడలేదు.

"పదండి, వాగు దగ్గరికి" అన్నాడు లేచి.

వాళ్ళు వెళ్ళేసరికి గాలి మొదలైంది. పాత గూడు మెడ సన్నబడి, ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపల పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. కింద నీళ్ళు. పోగులు పీకుతున్న బంగారయ్య వాళ్ళను చూసి పక్క చెట్టుకు తప్పుకున్నాడు.

"బంగారయ్యా! ముందు వెళ్ళి ఆ మెడ బిగించు" అన్నాడు పెద్దదున్న.

బంగారయ్య కదల్లేదు. "తీర్పు రానివ్వండి దొరా. ఆ గూడు నాది కాదని తేలితే నా కష్టం వృథా కదా!"

అక్కడున్న ఉడుతలు కూడా ఛీ అన్నాయి.

ముత్యాలు తీర్పు కోసం ఆగలేదు. అప్పటికే ఎగిరిపోయింది. గిజిగాళ్ళలో ఆడపిల్లలకు అల్లిక నేర్పరు. గూటి లోపల పరుపు పరవడమే వాళ్ళకు వచ్చు. అయినా ఈతాకును చీల్చి, పచ్చిపోగు తెచ్చి మెడకు చుట్టింది. జారిపోయింది. మళ్ళీ చుట్టింది.

"కొమ్మ పైనుంచి తిప్పు! కింది నుంచి కాదు! వాడు అల్లుతుంటే నేను రోజూ చూసేదాన్ని!" అని కింది నుంచి నూకాలు అరిచింది.

ముత్యాలు కొమ్మ పైనుంచి తిప్పి, పోగును పోగు కిందికి దోపి లాగింది. ముడి వంకరగా పడింది. కానీ పట్టింది. గూడు ఊగి ఊగి ఆగింది.

పెద్దదున్న అవతలి గట్టున కొత్త గూటి వైపు చూశాడు. పచ్చని అల్లిక మధ్యలో ఎండిన గోధుమరంగు పోగులు కనిపిస్తున్నాయి. అవి ఎక్కడివో చెప్పడానికి సాక్షి అక్కర్లేదు.

"ఒక్క సంగతి చెప్పు బంగారయ్యా. నీ పిల్లలకు మిడత ఎలా పెట్టాలి?"

"ఎలా ఏముంది? నోరు తెరుస్తారు, పెట్టాలి."

"కాళ్ళు తీసి పెట్టాలి దొరా" అంది ముత్యాలు, గూటి మీద నుంచే. "చిన్నదానికి మిడత కాలు గొంతులో అడ్డం పడుతుంది. అది సాలీడునైతే ఇష్టంగా తింటుంది."

పెద్దదున్న ఈసారి నమలలేదు.

"పిల్లలు గూటితో పాటు పంచుకునే సామాను కాదు. వాళ్ళు తల్లి దగ్గరే ఉంటారు. బంగారయ్య పీకిన ప్రతి పోగుకూ బదులు పచ్చిపోగు తెచ్చి గూడు బాగుచేయాలి. రోజూ తను తినకముందే పిల్లల మేత తేవాలి. వచ్చినప్పుడు పిల్లలను చూడవచ్చు, మాట్లాడవచ్చు. దాన్ని ఎవరూ ఆపరు. ఇక నేను ఇన్నాళ్ళూ నమిలినందుకు..." అతని తల వంగింది. "ఆ పిల్లల ఆకలికి నేనూ కారణమే. ఇకపై పిల్లల మేత సంగతి ఫిర్యాదు వచ్చిన పూటే తేలుతుంది. మిగతాది తర్వాత నములుతాను."

బంగారయ్య విసురుగా కొత్త గూటి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒక ఆడపక్షి గూడు చూడటానికి వచ్చి ఉంది. కట్టుబాటు ప్రకారం ఒక పోగు ముక్కుతో లాగింది. ఎండుపోగు, టక్కున తెగింది. ఇంకోటి లాగింది. అదీ తెగింది.

"ఇవి పాత పోగులు. ఎవరి గూడు పీకావు?" అని అడిగింది.

జవాబు కోసం ఆగకుండా ఆ గొప్ప అల్లికగాడి గూడు వదిలి ఎగిరిపోయింది. ఆ ఏడు అతని గూట్లోకి ఎవరూ రాలేదు.

మర్నాటి నుంచి బంగారయ్య మేత తెచ్చాడు. మొదట్లో మొహం మాడ్చుకుని తెచ్చాడు. మిడత కాళ్ళు తీయడం నేర్చుకోవడానికి చాలాసార్లు తిట్లు తిన్నాడు, ముత్యాలు చేత కాదు, నూకాలు చేత. ముత్యాలు పిల్లల ముందు అతన్ని ఒక్క మాట కూడా అనలేదు.

ఒకరోజు అతను సాలీడును పట్టుకొచ్చాడు. చిన్నపిల్ల అతన్ని చూసి, అమ్మను చూసి, నోరు తెరిచింది. గట్టిగా అరిచింది కూడా.

ముత్యాలు పక్క కొమ్మ మీద కూర్చుని కొత్త పోగు చీలుస్తోంది. పిల్లలకు రెక్కలు వచ్చాక ఆడపిల్లలకూ అల్లిక నేర్పింది. ఆ వాగు మీద వంకర ముడి గూళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఎంత గాలికీ ఊడవు.

నీతి: అమ్మానాన్నలు ఒకరి నుంచి ఒకరు విడిపోవచ్చు, పిల్లల బాధ్యత నుంచి కాదు, ఆ పిల్లలు ఆకలితో ఉండగా నిదానంగా ఆలోచిస్తూ కూర్చున్న న్యాయం కూడా అన్యాయమే.