స్వామివారి ఖాతా

విళంబి నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, శుక్రవారం. పొద్దున తొమ్మిదింపావు. చింతగట్టు కోటలో రాజావారు సభ తీర్చి, కొత్త కంప్యూటరు ముందు కూర్చున్నారు.

రాజ్యం పోయి ఎన్నేళ్ళయినా మా ఊరికి ఆయన రాజావారే. కోటలోని తాళపత్రాలన్నీ ఫొటోలు తీయించి, "పరాయి ఊరి మెషీన్లలో ఎందుకు? మన కోటలోనే ఉండాలి" అని సొంత సర్వరు పెట్టించారు.

ఏ పనికైనా మొదటిది వేణుగోపాలస్వామికే. అది ఆ ఇంటి ఆచారం. అందుకని మొదటి ఖాతా కూడా కంప్యూటరు కుర్రాడి చేత స్వామి పేరునే తెరిపించారు. తీరా చూస్తే, మొదటి ఖాతాకే సర్వాధికారాలూ ఇస్తుందట ఆ సాఫ్టువేరు! ఎవరికి ఖాతా ఇవ్వాలన్నా, ఎవరిది తీసేయాలన్నా, మరిచిన పాస్‌వర్డు మార్చాలన్నా స్వామే దిక్కు.

"మరి స్వామి పాస్‌వర్డు ఎవరి దగ్గరుండాలి?" అన్నారు రాజావారు.

కోట వ్యవహారాలు చూసే పేష్కారు సాంబమూర్తిగారు ఉత్తరీయం సర్దుకున్నారు. "ఇంకెవరి దగ్గర ప్రభూ? నా దగ్గరే." అంటూ మా మేనత్త ఆండాళమ్మ వైపు చూశారు. "ముందుగా ఖాతాలివ్వాల్సినవాళ్ళ పట్టీలోంచి ఈవిడ పేరు తీసేస్తాను. ఆడవాళ్ళకి తాళపత్రాలతో పనేమిటి?"

ఇరవై రెండేళ్ళుగా ఆ తాళపత్రాలు తుడిచి, చదివి, జాబితా రాసింది మా అత్తే. ఆ పట్టీలో పేరు పోతే తాళపత్రాల గది గడప తొక్కనివ్వరు.

అత్త గొంతు పెంచలేదు. "పేష్కారుగారే తగినవారు ప్రభూ. కాకపోతే, స్వామి పేరుతో చేసే పని మడితో చెయ్యాలి కదండీ. మన కోవెల ఆచారం తడిబట్ట."

"తడిబట్టా?"

"తలస్నానం కూడానండీ. పని అయ్యేదాకా కాఫీ ముట్టకూడదు. కోటలో నలభై ముగ్గురున్నారు. వంట నరసయ్యగారు ఒక్కరే రోజుకి రెండుసార్లు పాస్‌వర్డు మరిచిపోతారు. మరిచిన ప్రతిసారీ తమరు స్నానం చెయ్యాలి."

పేష్కారుగారికి మాఘమాసపు చలి గుర్తొచ్చినట్టుంది. "ఇందాక ఖాతా తెరిచిన కుర్రాడు మడి కట్టుకున్నాడా ఏమిటి?"

"తెలియక చేసింది వేరండి. తెలిసి చేస్తే అపచారం."

"తడిబట్టతో కరెంటు వస్తువు ముట్టుకుంటే షాకు కొట్టదుటమ్మా!"

"కొడితే మాత్రమేమండీ, వెళ్ళేది స్వామి సన్నిధికే కదా!"

రాజావారు కుర్చీ చేతిమీద కొట్టి నవ్వారు. సభంతా నవ్వింది.

"నాకు... నాకు రొంపభారమండీ ప్రభూ," అని పేష్కారుగారు వెనక్కి తగ్గారు.

"అయితే దారి నువ్వే చెప్పు ఆండాళమ్మా."

"ఖాతాలు తెరిచే, పాస్‌వర్డులు మార్చే అధికారం ఒకరికి వాళ్ళ సొంత పేరుతోనే ఇప్పించండి, అప్పుడు మడి అక్కర్లేదు. తీసేసే అధికారం స్వామికే ఉంచి, పాస్‌వర్డు కాగితం హుండీలో వేయించండి. హుండీ తెరవాలంటే ఎలాగూ తమరూ, అర్చకులూ, ఐదుగురు పెద్దలూ ఉండాలి. ఒక్కరి కోపానికి ఎవరి పేరూ చెరగదు."

"తెరిచే అధికారం నీదే," అన్నారు రాజావారు. తమ భుజం మీది శాలువ తీసి అత్తకి ఇప్పించారు. అర్చకులు మడితో ఆ ఒక్క మార్పూ చేశాక, మధ్యాహ్నానికి పాస్‌వర్డు కాగితం హుండీలో పడింది.

మర్నాడు భీష్మ ఏకాదశి. ఇంటిల్లిపాదీ ఉపవాసముండి, విష్ణు సహస్రనామం చదువుకున్నాం. తీర్థం పుచ్చుకుని అత్త కోటకి వెళ్ళింది. మొట్టమొదట పేష్కారుగారికే ఖాతా తెరిచి, పాస్‌వర్డు చీటీని మిరియాల కషాయం ఫ్లాస్కుతో సహా పంపించింది.