ఖాళీ చెంబు

పౌర్ణమి నాడు తవిటినాయుడికి పరువు పోయే పరిస్థితి వచ్చిపడింది.

జోగయ్య గురువుగారు పాడే తత్వాలన్నీ రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టే పని అతను నెత్తినేసుకున్నాడు. పాటలు ఉంచడానికి సర్వర్ ఒకటి అద్దెకు తీసుకున్నాడు. ఆశ్రమం పేరుతో కొత్త డొమైన్ కొని, ఆ పేరుకి సర్వర్ అడ్రసు రాసిపెట్టాడు. ఆ పేరు కొడితే చాలు, ఎవరింట్లో వాళ్ళు పాట వినొచ్చని ఊరూరా చెప్పుకొచ్చాడు. తుంటి విరిగి మంచం పట్టిన వరహాలమ్మకైతే చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆవిడ ఒకప్పుడు గురువుగారి పక్కన కూర్చుని వంత పాడిన మనిషి.

"పున్నానికి వింటావు పెద్దమ్మా. నాను ఫోన్ చేసినాకే తెరువు" అన్నాడు.

తీరా చూస్తే ఆ పేరు సర్వర్ దగ్గరికి పోవడం లేదు. ఎన్నిసార్లు కొట్టినా తెర తెల్లమొహం వేస్తోంది. నాయుడు సెట్టింగులు మార్చాడు, మళ్ళీ మార్చాడు. డొమైన్ అమ్మినవాళ్ళతో ఫోన్లో తగువు పెట్టుకున్నాడు. తమ వైపు ఏ తప్పూ లేదు పొమ్మన్నారు వాళ్ళు.

మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆశ్రమానికి వచ్చి గురువుగారి ముందు కూలబడ్డాడు.

"నాను అడ్రసు సరిగ్గానే రాసినాను గురువుగారూ! లోకమే తప్పుదారి పట్టిపోనాది."

జోగయ్యగారు నవ్వలేదు. "దాహమేస్తంది. చెంబుడు నీళ్ళట్టుకురా" అన్నారు.

నాయుడు ఆ కంపెనీని తిట్టుకుంటూనే వరండా మూలకు వెళ్ళి చెంబు ముంచబోయాడు. అక్కడ కుండ లేదు.

"కుండని ఎవుడో ఎత్తుకుపోనాడు!" అంటూ తిరిగొచ్చాడు.

ఎండ తగులుతోందని నిన్న దాన్ని వంటపాక వెనక్కి మోసినవాడు తనే.

అంతలో గొర్రెలు తోలుకుంటూ ఒక కొత్త మనిషి వాకిట్లోకి వచ్చాడు. "నీళ్ళెక్కడున్నాయమ్మా?" అని వంట చేసే గౌరమ్మను అడిగాడు. ఆవిడ చెయ్యి చూపించింది. అతను తిన్నగా పాక వెనక్కి పోయి, కడుపునిండా తాగి, మీసాలు తుడుచుకుంటూ తన దారిన పోయాడు.

గురువుగారు నాయుడి చేతిలోని చెంబు వైపు చూశారు.

"అడిగినోడు తాగెళ్ళిపోనాడు. తెలిసినోడివి, నువ్వు ఖాళీగా వచ్చినావు."

నాయుడు ఠపీమని నెత్తి కొట్టుకున్నాడు.

డొమైన్ సిద్ధం కాకముందు, పని ఎలా ఉందో చూసుకోవడానికి, ఆ పేరు పక్కన వేరే సర్వర్ అడ్రసొకటి తన ల్యాప్‌టాప్‌లోనే రాసిపెట్టుకున్నాడు. ఆ సర్వర్ ఎప్పుడో మూతపడింది. రాసిన సంగతి తను మరిచిపోయాడు. ల్యాప్‌టాప్ మాత్రం మరిచిపోలేదు. పేరు కొట్టినప్పుడల్లా బయట ఎవరినీ అడక్కుండా ఆ పాత చోటికే పోతోంది.

ఆ ఒక్క వరుస చెరిపేసి పేరు కొట్టాడు. ల్యాప్‌టాప్‌లోంచి జోగయ్యగారి గొంతు ఖంగుమంది! గౌరమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. నాయుడు చిన్నపిల్లాడిలా గంతేసి, వెంటనే వరహాలమ్మకు ఫోన్ చేశాడు. కోడలు ఎత్తింది.

"నువ్వాగమన్నావు గానీ తమ్ముడూ, మా అత్త ఆగితేనా! పొద్దుట్నించీ వింటానే ఉంది. ఇదుగో, నువ్వూ ఇను."

ఫోన్లో గురువుగారి పాట, దాని వెనకే వణుకుతూ ఒక ముసలి గొంతు వంత. ఎన్నేళ్ళకో కలిసిన జత అది. నాయుడికి కళ్ళనీళ్ళాగలేదు. ఫోను తీసుకెళ్ళి గురువుగారి చెవి దగ్గర పెట్టాడు.

ఆయన కళ్ళు మూసుకుని పాట అయ్యేదాకా విన్నారు. తర్వాత చెంబును నాయుడి వైపు జరిపారు.

"బాగుంది నాయనా. మరి నా నీళ్ళో?"