నాలుగంగుళాల గెలుపు

ఓడితే వంద సాకులు చెప్పి, గెలిస్తే ఎందుకు గెలిచామని ఒక్కసారీ అడగని ఓబులేశు, రాయలసీమలో ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉండేవాడు.

ఆటగాడే, కాదనడానికి లేదు. సొంత కోర్టులో అతను బంతి విసిరితే రింగులో పడాల్సిందే. ఆ ఏడు సొంత కోర్టులో ఆడిన మూడు మ్యాచ్‌లూ గెలిచారు. బయట ఊళ్ళలో ఆడిన రెండూ ఓడారు. మొదటిచోట రిఫరీ అవతలివాళ్ళ మనిషన్నాడు. రెండోచోట మధ్యాహ్నం పెట్టిన సాంబారు పులిసిందన్నాడు. సాంబారుకీ బంతికీ ఏం సంబంధం? ఆ మాట అడిగినవాడు జట్టులో ఒక్కడూ లేడు. కెప్టెన్ చెప్పాడు, అందరూ తలలూపారు.

సొంత కోర్టులో మూడో మ్యాచ్ అయ్యాక ఓడిన జట్టు కెప్టెన్ జాన్ వెస్లీ చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“అన్నా, మీ రింగు ఏదో తేడాగా ఉంది. మా బంతులన్నీ వెనకంచుకు తగిలి బయటికొచ్చేసినాయి” అన్నాడు.

“తేడా రింగులో లేదు తమ్ముడూ, నీ చేతుల్లో ఉంది” అన్నాడు ఓబులేశు. జట్టంతా పగలబడి నవ్వింది. ఆ కుర్రాడు తన సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత జాన్ వెస్లీ వాళ్ళ ఊళ్ళో మ్యాచ్ జరిగింది. ఓబులేశు పదిహేను బంతులు విసిరితే నాలుగే పడ్డాయి. కాసేపు బెంచీ మీద కూర్చుని, ఈసారి తప్పు గాలి మీదికి తోద్దామనుకున్నాడు. అంతలో అతని స్నేహితుడు సుంకన్న విసిరిన బంతి రింగు ముందంచుకు తగిలి కింద పడింది. తర్వాతి బంతీ ముందంచుకే తగిలింది. ఆ తర్వాతదీ అంతే. గాలి వల్లయితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోవాలి కదా? అన్నీ ఒక్కచోటే ఎందుకు తగులుతున్నాయి?

“సుంకా, మన బంతులన్నీ ముందంచుకే తగులుతుండాయి, చూసినావా?” అని అడిగాడు.

“చూసినా. ఓడిపోతుండాం, అది కూడా చూసినా” అన్నాడు సుంకన్న.

ఆ మ్యాచ్ కూడా ఓడారు. అందరూ బస్సెక్కుతుంటే ఓబులేశు మాత్రం రింగు స్తంభం చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడు. స్తంభం మొదట్లో నాలుగు లావాటి బోల్టులు నేల మీదికి కనబడుతున్నాయి. తమ స్తంభానికి బోల్టులు ఉన్నాయా? మూడేళ్ళుగా ఆడుతున్న కోర్టు, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి పోయి చూశాడు. బోల్టులు లేవు. స్తంభం నేరుగా సిమెంటులోకి దిగిపోయి ఉంది.

“మస్తాన్ భాయ్, ఈ బోల్టులు ఏమైనాయి?” అని వాచ్‌మన్‌ను అడిగాడు.

“కిందనే ఉంటాయి సామీ. నువ్వు చేరకముందు కోర్టు పగుళ్ళిచ్చింది. పాతది తవ్వకుండా పైన ఇంకో పొర సిమెంటు పోసినారు.”

“మరి రింగు పైకెత్తలేదా?”

“ఎత్తమని ఎవరు చెప్పినారు?”

ఓబులేశు ఊళ్ళో ఒక మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చాడు. సుంకన్న నిచ్చెనెక్కి పట్టుకున్నాడు. రింగు పదడుగుల ఎత్తులో ఉండాలి. తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు వచ్చింది. మళ్ళీ కొలిచారు. అంతే. అవతలి రింగు కొలిచారు. అదీ అంతే. తక్కువ ఎత్తుకు అలవాటైన తమ బంతులు బయట ముందంచుకూ, పదడుగులకు అలవాటైనవాళ్ళ బంతులు ఇక్కడ వెనకంచుకూ ఎందుకు తగులుతున్నాయో అప్పుడర్థమైంది.

ఇక ఒక్క మ్యాచ్ మిగిలింది, పది రోజుల్లో, సొంత కోర్టులోనే. అది గెలిస్తే ఫైనల్. యూనివర్సిటీ జట్టుకు ఫైనల్ ఆడినవాళ్ళలోనుంచే మనుషుల్ని తీసుకునేవారు. ఓబులేశుకు అదే ఆఖరి సంవత్సరం. యూనివర్సిటీ జెర్సీ వేసుకోవాలని కాలేజీలో చేరిన రోజునుంచీ అతని ఆశ.

సుంకన్న నిచ్చెన దిగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మామా, టేపు ఇచ్చేసిరా. నోరు మూసుకో. గెలిచినాంక కొలుద్దాం.”

“ఫైనల్ యాడ?”

“యూనివర్సిటీ కోర్టులో.”

“ఆడ రింగు ఎన్నడుగులుంటాది?”

“ఎన్నడుగులుంటే నీకేం రా? ఆడ ఓడినా నీ ఆట చూస్తారు కదా!”

అది నిజమే. అందుకే ఓబులేశుకు ఆ రోజంతా అన్నం సహించలేదు. నోరు మూసుకుంటే చాలు, కోరుకున్నది చేతికందుతుంది. కానీ ఒక ప్రశ్న అతన్ని పట్టుకుని వదల్లేదు. ఈ నాలుగంగుళాలు తీసేస్తే నేనెంత?

సాయంత్రం కాలేజీలో ఆటలు చూసుకునే పీడీ మేడం దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు.

“రింగు ఎత్తిస్తే ఓడిపోవచ్చు” అందామె.

“తెలుసు మేడం. కానీ నాకు ఆట వచ్చో రాదో మూడేండ్లుగా నాకే తెలీదు. తెలుసుకోవాల.”

మర్నాడే వెల్డరు వచ్చాడు. రింగులు నాలుగంగుళాలు పైకి జరిగాయి. ఆ రోజు ఓబులేశు వంద బంతులు విసిరితే ఇరవై రెండు పడ్డాయి. సుంకన్న రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు తిట్టుకుంటూనే వచ్చి బంతి అందుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ చేతులు వాచేలా ఆడారు. పాత అలవాటు అంత తొందరగా వదులుతుందా?

మ్యాచ్ రోజు మొదటి సగం అయ్యేసరికి పద్దెనిమిది పాయింట్లు వెనకబడ్డారు. “కెప్టెనూ, నిచ్చెన వేయమంటావా?” అని ఎవరో అరిస్తే జనం నవ్వారు. ఓబులేశు తల దించుకోలేదు. రెండో సగంలో చేతులు కొత్త ఎత్తును పట్టుకున్నాయి. ముందు సుంకన్న బంతి పడింది, తర్వాత ఓబులేశుది, మళ్ళీ ఓబులేశుది. నవ్వినవాళ్ళే లేచి నిలబడి ఈలలు వేశారు. ఆట ముగిసేసరికి రెండు పాయింట్ల తేడాతో ఓడారు.

“ఆ రింగు అట్లే వదిలేసుంటే గెలిచేటోళ్ళు కదరా!” అన్నాడు ఒక పెద్దమనిషి.

“గెలిచేది మేం కాదు పెద్దనాయనా, సిమెంటు” అన్నాడు ఓబులేశు.

ఫైనల్ చేజారింది, దాంతో యూనివర్సిటీ జెర్సీ ఆశా పోయింది. అతను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ ఏడ్చాడు. అప్పుడు మేడం వచ్చి స్కోరు కాగితం చేతిలో పెట్టింది. రెండో సగంలో అవతలి జట్టుకంటే వీళ్ళే పదహారు పాయింట్లు ఎక్కువ వేశారు.

ఓబులేశు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “ఇవి మావే కదా మేడం?” అని అడిగాడు.

“మీవే. ఒక్క అంగుళం కూడా ఇంకెవరిదీ కాదు” అందామె.

గెలిచినవాడు ఎందుకు గెలిచానని తనను తాను అడగాలి; ఆ జవాబు ఎంత చేదుగా ఉన్నా తలొగ్గి విన్నవాడికే తన అసలు బలం ఎంతో తెలుస్తుంది.