రాకుమారి ఊపిరి

భద్రానికి తన గీత మీద మహా నమ్మకం. నమ్మకమేమిటి, పొగరే. మూడేళ్ళుగా మద్రాసులో దేవసహాయం మాస్టారి దగ్గర బొమ్మల సినిమా పని నేర్చుకుంటున్నాడు. అలాంటివాడు గీసిన రాకుమారిని మాస్టారు మూడోసారి వెనక్కి పంపేశారు.

శాపం తగిలి రాకుమారి నిద్రపోయే ఘట్టం అది. అద్దం బల్ల కింద దీపం పెట్టుకుని, పల్చటి కాగితం మీద కాగితం వేసి, కొద్దికొద్దిగా మారుస్తూ గీసుకుపోవాలి. కట్ట గబగబా తిప్పితే బొమ్మ కదులుతుంది. భద్రం మాత్రం ఒకే ఒక్క బొమ్మ గీసి, దాన్నే కెమెరా కింద ఉంచేయమన్నాడు.

"నిద్రపోయే మనిషి కదలదు కదండీ," అన్నాడు.

మాస్టారు వాదించలేదు. "రేపట్నుంచి మా ఇంటికి వెళ్ళు. సుగుణమ్మ నిద్రపోతూ ఉంటుంది. ఆవిణ్ణి గియ్యి," అన్నారు.

సుగుణమ్మగారు మాస్టారి భార్య. గుండె జబ్బుతో నెల్లాళ్ళుగా మంచాన పడి ఉంది. ఈ మూడేళ్ళూ భద్రానికి అన్నం పెట్టింది ఆవిడే.

"నా మొహానికి రాకుమారి వేషమా? మీ మాస్టారికి వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు," అని నవ్వి కళ్ళు మూసుకుంది. "ముక్కు కాస్త చిన్నది గియ్యి, నాయనా."

మొదటిరోజు భద్రానికి ఏమీ కనబడలేదు. రెండోరోజు ఆవిడ మెడ దగ్గర గుంట లోపలికి పోయి రావడం కనిపించింది. భుజం మీది చీర అంచు వెంట్రుకవాసి లేచి దిగుతోంది. ఊరికే పడుకోవడానికి కూడా మనిషి ఇంత కష్టపడాలా అని వాడికి ఏడుపొచ్చింది.

నాలుగోరోజు పొద్దున నలభైమూడో కాగితం గీశాడు. దాని మీద ఇంకొకటి వేసి గీశాడు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. తన చెయ్యే తప్పిందనుకుని మరొకటి వేశాడు. అదీ అంతే.

అప్పుడు తలెత్తి ఆవిణ్ణి చూశాడు. పెన్సిలు పారేసి మాస్టారి కోసం పరిగెత్తాడు.

పదకొండు రోజుల తర్వాత మాస్టారు స్టూడియోకి వచ్చారు. భద్రం కాగితాల కట్ట ఆయన ముందు పెట్టాడు.

"నావల్ల కాదు మాస్టారూ. ఈ ఘట్టం ఇంకెవరికైనా ఇవ్వండి."

మాస్టారు కట్ట తీసుకుని బొటనవేలితో తిప్పారు. సుగుణమ్మగారి చీర అంచు లేచింది, దిగింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పారు. మళ్ళీ లేచింది. అలా చాలాసేపు తిప్పుతూనే ఉన్నారు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

తర్వాత చివరి రెండు కాగితాలూ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. మిగతావి భద్రం ముందుకు జరిపారు.

"ఇవి మన కథలోవి కావు," అన్నారు. "రాకుమారి లేవాలి."

భద్రం బల్ల కింద దీపం వేశాడు. మొదటి కాగితం తీసుకుని, ముక్కు కాస్త చిన్నది చేశాడు.