వెనక కొమ్ము పట్టిన రాజు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, పేరు చెబితే అక్కడివాళ్ళు నామీద అలుగుతారు, మహీధరరాయలని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. ఎవరైనా ఏడుస్తుంటే తనూ కళ్ళు తుడుచుకునేవాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. తాను రాజునన్న సంగతి తాను మరిచేవాడు కాదు, పక్కవాళ్ళను మరవనిచ్చేవాడూ కాదు. ఆయన తుమ్మితే సభంతా "చిరంజీవ" అనాలి. ఆవలిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు చిటికెలు వెయ్యాలి. చిటిక వెయ్యడం మరిచిన పాపానికి ఒక పండితుడు పాపం నెల్లాళ్ళు కోట ముఖం చూడలేదు.

అంతటివాడు కాలు నేలమీద పెడతాడా? గుమ్మం దాటితే పల్లకీయే. ముందు ఇద్దరు బోయీలు, వెనక ఇద్దరు. ముందు కొమ్ము, అంటే పల్లకీ మోసే బొంగు, పట్టే పెద్ద బోయీ పేరు పోలప్ప. ఈ రాజుగారి తండ్రిని మోసిన భుజం వాడిది. రాజుగారి తల్లిని కొత్తకోడలిగా కోటలోకి మోసుకొచ్చిందీ వాడే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పల్లకీ మోసేటప్పుడు వెనకవాళ్ళకి దారి కనిపించదు. కళ్ళెదుట పల్లకీ పెట్టె అడ్డం ఉంటుంది కదా మరి! అందుకని ముందువాడు దారిలో ఏముందో కేకేసి చెబుతాడు. "ఎడమ గుంట!" అంటాడు. వెనకవాడు "ఓహోం" అంటాడు. విన్నానయ్యా, కాలు చూసుకుంటానని దానర్థం. "కుడి రాయి!" "ఓహోం!" అలా ఆ కేకలమీదే పల్లకీ సాగుతుంది.

ఒకరోజు పొరుగురాజు దగ్గర్నించి దూతలొచ్చారు. మన రాజుగారు నగలన్నీ దిగేసుకుని పల్లకీలో ఎదురువెళ్ళాడు. వందిమాగధులు గొంతు చించుకుంటున్నారు.

"రాజమార్తాండ! శత్రుభయంకర!"

"పేడ!" అన్నాడు ముందునించి పోలప్ప.

"సకలగుణాభరణ!"

"కుడికాలి కింద పేడ!"

"ఓహోం!" అన్నారు వెనకవాళ్ళు.

ఇంకేముంది, వీధి వీధంతా గొల్లుమంది. దూతల్లో పెద్దాయన మీసం సవరించుకుంటున్నట్టు నటించాడు గానీ ఆ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడని గుడ్డివాడికైనా తెలుస్తుంది. రాజుగారి మొహం కందగడ్డ అయింది. కోటకి రాగానే ఆజ్ఞ వేశాడు.

"ఇకమీదట ఈ రాజ్యంలో పల్లకీ కొమ్ము భుజాన ఉండగా నోరు విప్పినవాడు దేశం విడిచి పోవాలి!"

సభలో పేరిభట్టు అని ఒక కవి ఉండేవాడు. మనిషి గుమ్మడికాయలా గుండ్రంగా ఉంటాడు గానీ నాలుక మాత్రం మహా పదును. ఆయన లేచి, "ప్రభూ, ముందువాడు చెప్పకపోతే వెనకవాడు..." అనబోయాడు.

"భట్టూ, నీ నోటికి కూడా ఆజ్ఞ వెయ్యమంటావా?" అన్నాడు రాజు.

భట్టు చటుక్కున కూర్చున్నాడు. నోరైతే మూసుకున్నాడు గానీ, బుర్రకి మూతలుండవు కదా!

వానలు మొదలయ్యాయి. కుమ్మరవీధిలో కుమ్మరులు వాననీళ్ళు పోవడానికి దారికి అడ్డంగా చిన్న కాలవ తవ్వుకున్నారు. మర్నాడు ఆ దారినే రాజుగారి పల్లకీ వచ్చింది. పోలప్ప కాలవ చూశాడు. కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. బారెడు అడుగువేసి తాను దాటాడు, కాస్త ఆగుదామనుకునేలోపే వెనకవాళ్ళు కాలవలో పడ్డారు. పల్లకీ ఒరిగింది. రాజమార్తాండులవారు పొర్లుకుంటూ వెళ్ళి పచ్చికుండల మధ్య ఆగారు. కిరీటం ఒక కుండలో దొరికింది.

చీలమండ బెణికింది గానీ ప్రాణానికేం ఫరవాలేదు. బెణికిన అసలు చోటు వేరే, అది గౌరవం. దానికి పట్టు వెయ్యడం ఏ వైద్యుడివల్లా కాదు.

కాలు నెమ్మదించగానే రాజు సభ పెట్టి పోలప్పను పిలిపించాడు.

"ఒరే పోలా, కాలవ చూశావా లేదా?"

"చూశాను దొరా."

"చూసి ఎందుకు చెప్పలేదురా?"

"తమరే చెప్పొద్దన్నారు కదా దొరా."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుకి ఒళ్ళు మండింది.

"చెప్పకుండా మోయడం చేతకాకపోతే నువ్వేం బోయీవిరా? మంచి బోయీకి కేకతో పనేముంది? కాళ్ళే కళ్ళు కావాలి! ఎల్లుండి అమ్మవారి ఉత్సవం. అది కాగానే నువ్వు ఎల్ల దాటాలి. పో!"

పోలప్ప కదల్లేదు. తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"పోతాను దొరా. కానీ మా పిల్ల పురిటికొచ్చింది. తల్లి లేని పిల్ల. నేను పక్కనుంటే దానికి ధైర్యం. బిడ్డ కడుపులోంచి కింద పడేదాకా ఉండనివ్వండి. ఆ మొహం ఒక్కసారి చూసి పోతాను."

రాజు మొహం తిప్పుకున్నాడు. చెప్పానుగా, మనసు మంచిదే. కానీ సభంతా చూస్తోంది, దూతలు కూడా ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. "రాజు మాట ఒకటే," అన్నాడు, కాస్త మెల్లగా.

అప్పుడు పేరిభట్టు లేచాడు.

"ప్రభూ, ఏలినవారి ఆజ్ఞలో ఆవగింజంత తప్పుందని నాకనిపిస్తోంది."

"అనిపిస్తే చాలదు భట్టూ, రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే నువ్వూ పోలడితో పాటు ఎల్ల దాటు. వాడికి తోడుంటుంది."

"చిత్తం. కానీ రుజువు చెయ్యాల్సింది నేను కాదు ప్రభూ, తమరు. ఉత్సవంలో రాజు అమ్మవారి పల్లకీకి భుజం పట్టాలని మన ఆచారం. తమ తాతగారు కోటగుమ్మం నించి ఏటి ఒడ్డుదాకా మోసేవారట. ఈమధ్య తమరు రెండువేళ్ళతో కొమ్ము తాకి వదిలేస్తున్నారు."

"అది... ఉక్క ఎక్కువగా ఉంటోందని," అన్నాడు రాజు.

"మంచి బోయీకి కేకతో పనిలేదని సెలవిచ్చారు. నిజమే అయ్యుంటుంది. మన బోయీలకి తెలియడం లేదు, అంతే. ఈసారి వెనక కొమ్ము తమరే పట్టి, కేక లేకుండా ఎలా మోయాలో చూపించండి. ముందు కొమ్ము పోలప్పకివ్వండి, వెళ్ళిపోయే వాడికి అమ్మవారి ఆఖరి సేవ. తమరు మౌనంగా ఏటి ఒడ్డు చేరితే, నా మూట నేను కట్టుకుంటాను."

రాజుగారికి రోషం వచ్చింది. "చిన్నప్పుడు గదలు తిప్పిన భుజాలోయ్ ఇవి! ఇదో లెక్కా?"

"మరి ఆజ్ఞ అమ్మవారి పల్లకీకి కూడా వర్తిస్తుందా ప్రభూ? నోరు విప్పినవాడు ఎవడైనా పోవాల్సిందేనా?"

"ఎవడైనా సరే!" అన్నాడు రాజు, తొడచరిచి. కొందరికి తొడచరవడం ఒక వేడుక, ఏం చేస్తాం!

ఉత్సవం రోజు ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంది. రాజు భుజంమీద వేసుకోవడానికి సేవకులు పట్టు దిండు తెచ్చారు. పోలప్ప చూసి దగ్గరికి వచ్చాడు.

"పట్టు జారుతుంది దొరా. ఇది వేసుకోండి." తన భుజంమీది పాత నూలుగుడ్డ తీసి, మడిచి, రాజు భుజంమీద వేసి అరచేత్తో అద్దాడు. రేపు తనను దేశంనించి తరిమేవాడి భుజానికి దెబ్బ తగలకూడదని ఆ ముసలాయన ఆరాటం చూడండి! గుడ్డ తీశాక పోలప్ప భుజం కనిపించింది. ఎద్దు మెడలా కాయ కాసి ఉంది. ఇన్నేళ్ళూ రాజు ఆ కాయమీదే కూర్చుని తిరిగాడు, ఒక్కనాడూ చూడలేదు.

"అమ్మా, తల్లీ!" అని ఊరంతా ఒక్క కేక వేసింది. పల్లకీ లేచింది. ఆ తరవాత నలుగురూ మౌనం.

మొదట్లో రాజు ఛాతీ విరుచుకునే నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కొమ్ము భుజంలోకి దిగడం మొదలెట్టింది. చెమట కళ్ళలోకి కారింది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఎదురుగా పల్లకీ వెనక చెక్క తప్ప ఏమీ కనిపించదు. ఒకచోట కాలికి రాయి తగిలింది. పళ్ళు బిగబట్టాడు. పక్కనే పేరిభట్టు విసనకర్రతో తనకు తాను విసురుకుంటూ నడుస్తున్నాడు.

పచ్చిమట్టి వాసన వచ్చింది. రాజు గుండె ఝల్లుమంది. కుమ్మరవీధి! కాలవ ఇక్కడే ఎక్కడో ఉంది. ఇంకా ఎంత దూరం? దాటేశామా? వచ్చే అడుగులోనే ఉందా? తాను పడితే పడనీ, ఆ పడటం తనకి కొత్త కాదు. కానీ భుజంమీద ఉన్నది అమ్మవారు. ఊరంతా చేతులెత్తి మొక్కుతోంది. చంకలో పసిపాపను ఎత్తుకున్న తల్లి కూడా మొక్కుతోంది. తన కాలు జారితే వీళ్ళందరి తల్లి బురదలో పడుతుంది.

పల్లకీ నెమ్మదించింది. ముందు పోలప్ప ఆగి ఆగి అడుగేస్తున్నాడు, చెప్పే వీల్లేక. రాజు ఇక ఆగలేకపోయాడు.

"పోలా! ముందేముందిరా? చెప్పు నాయనా, అమ్మ నా భుజాన ఉంది!"



"కాలవ దొరా!" పోలప్ప గొంతు ఖంగున మోగింది. "మీ ఎదరే! బారెడు అడుగు! కుడికాలు ముందు వెయ్యండి!"

రాజు కుడికాలు చాచాడు. అవతలి గట్టు కాలికి తగిలింది. ఎడమకాలూ వచ్చేసింది. అప్పుడు ఆ రాజాధిరాజు, ఆవలిస్తే చిటికెలు వేయించుకునే మనిషి, గుండెల నిండా గాలి పీల్చుకుని అన్నాడు.

"ఓహోం!"

కుమ్మరవీధి హోరెత్తిపోయింది. అక్కడినించి ఏటి ఒడ్డుదాకా కేకలే కేకలు. "ఎడమ గుంట!" "ఓహోం!" "ముందు పల్లం!" "ఓహోం!" మధ్యలో ఒకసారి పేడ కూడా వచ్చింది. ఓహోం అన్నవాళ్ళలో అందరికంటే గట్టిగా అన్నది రాజే.

పల్లకీ దిగింది. రాజు ఇసుకలో చతికిలబడ్డాడు. పేరిభట్టు వచ్చి ఎంతో వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కొమ్ము భుజాన ఉండగా మొదట నోరు విప్పినవారు తమరే. తమ ఆజ్ఞ ప్రకారం తమరు దేశం విడవాలి. ఏ ఎల్ల దగ్గర దింపమంటారు? తూర్పువైపు దారి కాస్త బాగుంటుంది. పల్లకీ పిలవనా, నడిచే వెళతారా?"

మంత్రులు గుడ్లప్పగించారు. రాజు భట్టువైపు చూశాడు. బురద కొట్టుకున్న తన కాళ్ళకేసి చూసుకున్నాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. ఎంత నవ్వాడంటే కిరీటం జారి ఇసుకలో పడినా తీసుకోలేదు.

"ఓడానోయ్ భట్టూ! నన్ను నేనే వెళ్ళగొట్టుకున్నాను!" నవ్వు ఆగాక పోలప్పను దగ్గరికి పిలిచాడు. "పోలా, ఆ రోజు నేను లోపల కూర్చుని ఉండగా నువ్వు కేక మింగినప్పుడు, నీ ప్రాణం ఇలాగే కొట్టుకుందా?"

"ఇంకా ఎక్కువ దొరా," అన్నాడు పోలప్ప. "తమర్ని అమ్మగారి ఒళ్ళో పసివాడిగా ఉన్నప్పటినించీ మోస్తున్నాను కదా."

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి ఎవరైనా చూస్తున్నారా అని చూసుకోలేదు. "తప్పు నాదేరా. ఆజ్ఞ రద్దు. నువ్వెక్కడికీ పోవద్దు. మీ పిల్ల దగ్గరికి వెళ్ళు," అన్నాడు.

మర్నాడు సభలో మంత్రి లేచి, కుమ్మరవీధి కాలవ పూడ్పించేద్దామన్నాడు. రాజు సరే అనబోయి ఆగాడు. "ముందేముందో కుమ్మరుల్ని అడిగారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు. కుమ్మరుల్ని పిలిపిస్తే, కాలవ పూడిస్తే నీళ్ళు కుండలు కాల్చే ఆవాల్లోకి వస్తాయి, కుండలన్నీ పాడవుతాయి, పైన ఒక బండ పరిపిస్తే చాలు మహాప్రభో అన్నారు. అలాగే బండ వేయించారు. ఆనాటినించీ ఏ ఆజ్ఞ వెయ్యబోయినా, దాన్ని మోయబోయేవాళ్ళని పిలిచి "ముందేముంది?" అని అడగడం ఆయనకి అలవాటైపోయింది.

పేరిభట్టుకి రాజు తన మెడలోని ముత్యాలహారం వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"తమ పల్లకీ ఒక్కపూట అరువివ్వండి ప్రభూ."

"నిన్ను మోయాలా? బోయీలు నామీద తిరగబడతారయ్యా!"

"నాక్కాదు," అన్నాడు భట్టు, ఆపైన రాజు చెవిలో ఇంకేదో కూడా చెప్పాడు.

పోలప్ప కూతురికి ఆడపిల్ల పుట్టింది. పురిటిస్నానాలయ్యాక బిడ్డను అమ్మవారికి చూపించే రోజున, పోలప్ప గుడిసె ముందు రాజుగారి పల్లకీ దిగింది. కూతురూ మనవరాలూ లోపల కూర్చున్నారు. పోలప్ప ముందు కొమ్ము ఎత్తుకున్నాడు. ముందువాడు వెనక్కి చూడకూడదు, అది వాళ్ళ పద్ధతి. అందుకని ఎవరెవరు పడుతున్నారో చూడలేదు.

"ఎడమ గుంట!" అన్నాడు.

"ఓహోం!"

ఆ గొంతు విని పోలప్ప కాలు ఒక్క క్షణం తడబడింది. పసివాడిగా ఏడ్చినప్పటినించీ ఎరిగిన గొంతది. కళ్ళనిండా నీళ్ళు నిలిచాయి. దారి మసకబారింది, ఎదర ఏముందో నిజంగానే కనిపించలేదు.

"ఏం పోలా, ముందేముందిరా?" వెనకనించి నవ్వుతూ అడిగాడు రాజు.

"ముందంతా చదునే దొరా," అన్నాడు పోలప్ప. "మెల్లగా రండి. బిడ్డ నిద్రపోతోంది."

కథ ఇక కంచికి బయల్దేరింది. దారిలో గుంటలుంటే ఎవరో ఒకరు కేకెయ్యండర్రా.