చీలలు లేని వంతెన

ఏటి మీద కట్టిన కొత్త వంతెన మొదటి వానలకే కూలింది. కింద ఇనుప దూలాలు నిలిచే ఉన్నాయి. వాటి మీద పోసిన సున్నపు గచ్చు పలక మాత్రం పక్కకు జారి, బండి తోలుకెళ్తున్న గంగులుని వరదలో పడేసింది. దూలానికీ పలకకూ మధ్య ఒక్క ఇనుప చీల కూడా వేయలేదని ఊరంతా చూసింది.

గంగులు భార్య నూకాలు వెళ్లి రాజుగారికి మొర పెట్టుకుంది.

వంతెన కట్టించిన మంత్రి భైరవయ్య నవ్వాడు. "చీలలెందుకు ప్రభూ? అంత పెద్ద పలక తన బరువుతోనే కూర్చుంటుంది. బండివాడే అడ్డదిడ్డంగా తోలి ఉంటాడు."

రాజు నిజమేనన్నట్టు తల ఊపాడు.

నూకాలు చేతులు జోడించింది. "అలాగైతే దొరా, రేపటి ఊరేగింపులో మంత్రిగారి అంబారీని ఏనుగుకు తాళ్లతో కట్టించకండి. అంబారీ కూడా బరువైనదే కదా, తన బరువుతోనే కూర్చుంటుంది."

మంత్రి ముఖం పాలిపోయింది. "ఏనుగు నాలుగడుగులేస్తే జారిపోతుంది ప్రభూ! చచ్చిపోతాను!"

"తమరికి ముందే తెలుసన్నమాట," అంది నూకాలు. "నా పెనిమిటికి తెలీదు."

రాజు మంత్రిని చెరసాలకు పంపాడు. చీలలు వేసి వంతెన మళ్లీ కట్టమన్నాడు. "నీకేం కావాలో కోరుకో," అన్నాడు నూకాలుతో.

"వరద తగ్గాక శవాన్ని వెతకడానికి నలుగురు మనుషుల్ని ఇప్పించండి దొరా," అంది ఆమె.